మావయ్యను చంపిన వైరస్‌తోనే నా పరిశోధన: అమ్మకు ఏం చెప్పాలి?

అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో నాడీశాస్త్రంలో పీహెచ్‌డీ నాలుగో సంవత్సరం చేస్తున్న పాఠకురాలు ఒకరు పెద్ద ఉత్తరం రాశారు. పేరు ప్రచురించవద్దన్నారు. వారి స్వస్థలం పల్నాడులోని ఒక గ్రామం. ఎలుకల మెదడులో ఆకలిని పుట్టించే కణాలకు ఏయే భాగాల నుంచి సంకేతాలు అందుతున్నాయో కనిపెట్టడం వారి పని. అందుకు వాడే ముఖ్య సాధనం జన్యువులు మార్చిన రేబిస్ వైరస్. ఈ సంగతి ఇంట్లో ఇంతవరకు చెప్పలేదు. "ఎలుకల మెదడు మీద పని" అని మాత్రమే చెబుతూ వచ్చారు.

చెప్పకపోవడానికి కారణం ఉంది. 1980ల మొదట్లో, తల్లిగారికి పదకొండేళ్లప్పుడు, ఎనిమిదేళ్ల తమ్ముడిని వీధికుక్క కరిచింది. తండ్రి కొడతాడన్న భయంతో ఆ పిల్లవాడు అక్కకు ఒక్కదానికే చెప్పి, ఎవరికీ చెప్పవద్దని బతిమాలుకున్నాడు. ఆమె చెప్పలేదు. పెద్దవాళ్లకు తెలిసేసరికి రోజులు గడిచిపోయాయి. పసరు వైద్యం చేయించారు, తరువాత పట్నం తీసుకువెళ్లి బొడ్డు చుట్టూ సూదులు మొదలుపెట్టించారు. అవి పూర్తికాకముందే నీళ్లగ్లాసు చూసి వణికిపోయే స్థితి వచ్చింది, పిల్లవాడు దక్కలేదు. ఆ ఇంట్లో అప్పటి నుంచి కుక్కను పెంచలేదు, ఆ జబ్బు పేరు ఎత్తలేదు.

పోయిన నెలలో పెద్దమ్మ కొడుకు ఫోనులో మాట్లాడుతూ, గొప్పగా చెబుతున్నాననే అనుకుని, "పిన్నీ, చెల్లి రేబిస్ వైరస్‌తో మెదడుకు మ్యాపు గీస్తోంది" అన్నాడట. తల్లిగారు కూతురికి ఫోను చేసి, "ఏ పేరు వింటే మా అమ్మ అన్నం మానేసేదో, దాన్ని చేత్తో పట్టుకుని తిరుగుతూ నాకు చెప్పలేదా?" అని అడిగారు. అప్పటి నుంచి ఫోను ఎత్తడం లేదు. ఆ పని మానకపోతే తన మీద ఒట్టేనని తండ్రిగారి ద్వారా కబురు పంపారు. గైడు మంచివారే, పద్ధతి మార్చుకుంటానంటే ఒప్పుకుంటారు, కానీ చదువు ఆలస్యమవుతుందని హెచ్చరించారు. పాఠకురాలు నాలుగు ప్రశ్నలు అడిగారు. నిజంగా ప్రమాదం ఉందా? మరో వైరస్‌కు మారవచ్చా? "ఇది అసలు రేబిస్ కాదమ్మా" అని చెప్పవచ్చా? మావయ్యను చంపిన దానితో డిగ్రీ సంపాదించడం తప్పా?

సమాధానం:

ప్రమాదం సంగతి ముందు తేల్చుకుందాం, మిగిలినవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి కనుక. ఇందులో చాలా భాగం మీకు తెలిసినదే. అయినా మీ అమ్మగారికి ఏ వరుసలో చెబితే అర్థమవుతుందో ఆలోచించుకోవడానికి పనికివస్తుందని మొదటి నుంచి చెబుతాను.

రేబిస్ వైరస్ కాటు పడిన చోట నరాల కొసల్లోకి దూరి, నరం వెంబడే వెన్నుపాముకూ మెదడుకూ చేరుతుంది. ఒక నాడీకణం నుంచి మరొక కణానికి దాటే ప్రతిసారీ, సంకేతాన్ని అందుకునే కణం నుంచి దాన్ని పంపే కణంలోకి, అంటే ప్రవాహానికి ఎదురుగా పోతుంది. ఇంత కచ్చితమైన ఎదురు ప్రయాణం రంగులకూ రసాయనాలకూ చేతకాదు. నాడీమార్గాలను గుర్తించడానికి ఈ గుణాన్ని వాడుకోవచ్చని గాబ్రియెల్లా ఉగోలీని 1995లో చూపించారు. కానీ మామూలు వైరస్ ఒక కణం దాటి ఆగదు, రెండోదానికీ మూడోదానికీ పోతూనే ఉంటుంది. దాంతో నేరుగా కలిసి ఉన్న కణం ఏదో, నాలుగు చేతులు మారి కలిసిన కణం ఏదో తేల్చి చెప్పడం కష్టమయ్యేది.

2007లో కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇయాన్ వికర్‌షామ్, ఎడ్వర్డ్ కాలవే, వారితో కలిసి పనిచేసిన మ్యూనిక్‌కు చెందిన కార్ల్-క్లాస్ కాంజెల్‌మాన్ తదితరులు దీనికి పరిష్కారం ప్రచురించారు. రేబిస్ వైరస్‌కు ఉన్న జన్యువులు ఐదే. వాటిలో "జీ" అనే జన్యువు తయారుచేసే ప్రోటీను పైపొరలో ఉండి, ఒక కణం నుంచి మరొక కణానికి దాటడానికి తోడ్పడుతుంది. ఆ జన్యువును పూర్తిగా తీసివేసి, దాని స్థానంలో మెరిసే ప్రోటీను జన్యువును పెట్టారు. అంతటితో ఆగకుండా, ఈ వైరస్‌కు పక్షులకు సోకే మరో వైరస్ పైపొరను తొడిగారు. ఆ పొరను గుర్తుపట్టే గ్రాహకం, టీవీఏ, పక్షుల కణాల మీద ఉంటుంది కానీ ఎలుకకూ మనిషికీ ఉండదు. పరిశోధకులు తాము ఎంచుకున్న కణాలకు మాత్రమే టీవీఏనూ, విడిగా కొంత జీ ప్రోటీనునూ అందిస్తారు. వైరస్ ఆ కణాల్లోకి మాత్రమే ప్రవేశించి, అక్కడ దొరికిన జీ సాయంతో వెనుక ఉన్న కణానికి దాటుతుంది. అక్కడ జీ దొరకదు కనుక ఇక కదలలేదు. ఒక్క స్టేషను దూరానికే టికెట్టు ఇచ్చి రైలెక్కించినట్టు. మీరు సూక్ష్మదర్శినిలో లెక్కపెట్టే మెరిసే కణాలన్నీ ఆ ఒక్క స్టేషనులో దిగినవే.

ఇప్పుడు మీ చేతికి సూది గుచ్చుకుందనుకుందాం. పక్షి వైరస్ పొర తొడిగిన వైరస్‌కు మనిషి కణంలోకి దారి లేదు. తన సొంత పొరతో ఉన్న రకమైతే గుచ్చుకున్న చోట కొన్ని కణాల్లోకి వెళ్లగలదు, కానీ అక్కడి నుంచి ముందుకు పాకలేదు, ఎందుకంటే జీ జన్యువు దాని దగ్గర లేదు. మీరు రాత్రిళ్లు భయపడుతున్నానని రాసిన విషయం, అంటే పోయిన జన్యువును అది మళ్లీ ఎక్కడి నుంచో సంపాదించుకోవడం, అనుకున్నంత తేలిక కాదు. రేబిస్ కుటుంబపు వైరస్‌లలో జన్యు పునఃసంయోగం, అంటే బయటి జన్యువు ముక్కను తనలో కలుపుకోవడం, అత్యంత అరుదు. పైగా ఎలుకకు మీరు ఇచ్చే జీ జన్యువు డీఎన్‌ఏ రూపంలో ఉంటుంది, రేబిస్‌ది ఆర్‌ఎన్‌ఏ. ఈ కారణాల వల్లనే అమెరికాలో ఈ పనిని సాధారణంగా, నాలుగు భద్రతా స్థాయిలలో రెండోదైన బయోసేఫ్టీ రెండో స్థాయి గదుల్లో చేయనిస్తారు.

అయితే ప్రమాదం సున్నా అని నేను రాయను, మీరూ ఇంట్లో అలా చెప్పకండి. మీ ప్రయోగశాలలో అడిగి తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. వైరస్‌ను అక్కడే పెంచుతున్నారా, బయటి నుంచి తెప్పిస్తున్నారా? పెంచేటప్పుడు జీ ప్రోటీనును తయారుచేసే కణాలలో పెంచాలి కనుక అక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి. అదే భవనంలో జీ జన్యువు ఉన్న పూర్తి రేబిస్ వైరస్‌తో ఎవరైనా పనిచేస్తున్నారా, చేస్తుంటే గదులూ పరికరాలూ వేరేనా? మొదటి సంవత్సరంలో టీకా వేయించుకున్నానని రాశారు, కానీ రక్తంలో ప్రతిరక్షకాలు ఎంత ఉన్నాయో చూపించుకున్నట్టు రాయలేదు. మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు ఉంటే చాలినంత రక్షణ ఉన్నట్టు లెక్క. ఈ వారమే చూపించుకోండి. ముందే టీకా ఉన్నవారికి ప్రమాదవశాత్తూ ఏదైనా జరిగితే, గాయాన్ని వెంటనే సబ్బుతో బాగా కడిగి, ఆ రోజొకటి, మూడో రోజొకటి టీకా వేస్తే సరిపోతుంది, సీరం అవసరం పడదు. మీ మావయ్యకు దొరకనివి ఇవే.

ఇక మీ అమ్మగారి విషయం. మీ ఉత్తరంలో వైరస్ గురించి నాలుగు పేజీలున్నాయి. తమ్ముడి కాటును దాచింది అమ్మేనన్న సంగతి మాత్రం ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయారు. నాకు మొత్తం ఉత్తరంలో బరువైన వాక్యం అదే అనిపించింది. పదకొండేళ్ల పిల్ల తమ్ముడి మీది ప్రేమతో నోరు మూసుకుంది, ఆ మౌనం వల్లనే వాడు పోయాడని నలభై ఏళ్లుగా మనసులో మోస్తోంది. ఇప్పుడు కూతురు, అమ్మ మీది ప్రేమతోనే, అదే జబ్బుకు సంబంధించిన సంగతిని తన దగ్గర దాచిందని తెలిసింది. ఆమె ఫోనులో అన్న మాట మరొకసారి చదవండి. అందులో వైరస్ ముందు వస్తుంది, కానీ వాక్యం ముగిసేది "చెప్పలేదా" అనే ప్రశ్నతో. నేను ఆమెను చూడలేదు, నా ఊహ తప్పు కావచ్చు. కానీ ఊహ నిజమైతే, మీరు రేపే ఆ పని మానేసినా ఆమె బాధ తీరదు. మానేశానని చెబితే నమ్ముతారన్న హామీ కూడా లేదు.

అందుకే వైరస్ మార్చే విషయాన్నీ, అమ్మతో మాట్లాడే విషయాన్నీ ముడిపెట్టవద్దని నా సలహా. మార్చుకోవడానికి మీకు వేరే దారులు ఉన్నాయి, వాటి లాభనష్టాలు ఇలా ఉంటాయి.

మొదటిది, ఏఏవీ (అడెనో-అసోసియేటెడ్ వైరస్) రకం వైరస్‌లకు మారడం. ఇవి తమంతట తాముగా మనిషికి జబ్బు కలిగిస్తాయని తేలలేదు, జన్యుచికిత్సలలో మనుషులకే ఇస్తున్నారు. 2016లో వచ్చిన ఏఏవీ2-రెట్రో అనే రకం నాడీతంతువు కొసల నుంచి కణం మొదటికి వెనక్కి ప్రయాణిస్తుంది. అమ్మకు చెప్పడానికి ఇంతకంటే సులువైనది లేదు. కానీ మీ ప్రశ్నకు ఇది జవాబు ఇవ్వదు. మీరు చదువుతున్న ఆకలి కణాలు, అంటే ఏజీఆర్‌పీ కణాలు, మెదడు అడుగుభాగంలోని హైపోథాలమస్ అడుగున, ఆర్క్యుయేట్ కేంద్రకం అనే నాడీకణాల గుంపులో ఉంటాయి. వాటి పక్కనే, వాటితో కలగలిసి, ఆకలిని తగ్గించే పీఓఎంసీ కణాలు ఉంటాయి. ఏఏవీ2-రెట్రో ఆ ప్రాంతానికి వచ్చే తంతువులన్నిటినీ పట్టుకుంటుంది, ఏ తంతువు ఏ కణం మీద ముగుస్తుందో చెప్పదు. 2014లో బ్రాడ్‌ఫర్డ్ లోవెల్ ప్రయోగశాల వారు, కడుపు నిండిన భావానికి కేంద్రమని అందరూ అనుకుంటున్న పారావెంట్రిక్యులర్ కేంద్రకం నుంచే ఆకలి కణాలను ఉత్తేజపరిచే సంకేతాలు వస్తున్నాయని చూపించగలిగారంటే, అది రేబిస్ పద్ధతి ఒక జాతి కణాలను విడిగా ఎంచుకోగలిగినందువల్లనే. వైరస్ మారితే మీ థీసిస్ ప్రశ్న కూడా మారుతుంది. దానికి మీరు సిద్ధమేనా అన్నది అమ్మతో సంబంధం లేకుండా ఆలోచించుకోవలసిన విషయం.

రెండవది హెర్పిస్ జాతి వైరస్‌లు. ఇటువైపు వెళ్లవద్దనే చెబుతాను. సంకేతం పోయే దిశలోనే దాటే హెచ్129 అనే రకం మనిషికి సోకే హెర్పిస్ వైరస్‌కు చెందినది, దానికి టీకా లేదు. రేబిస్ అన్న పేరు తప్పించుకోవాలని, జీ తీసేసిన రేబిస్ కంటే ఎక్కువ జాగ్రత్త అవసరమైన వైరస్‌ను చేతిలోకి తీసుకోవడం తెలివైన పని కాదు. పేరు చూసి భయపడితే ఇలాంటి బేరమే కుదురుతుంది.

మూడవది, వైరస్ గొడవే లేకుండా ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో మెదడును పొరలు పొరలుగా చిత్రించి సంధానాలను గుర్తించడం. 2024లో ఆడ పండ్ల ఈగ మెదడు మొత్తం, సుమారు 1,39,000 నాడీకణాలతో, ఇలా పూర్తయింది. 2025లో ఎలుక మెదడులో చూపుకు సంబంధించిన భాగమైన దృశ్య వల్కలంలో ఒక ఘన మిల్లీమీటరు మేర పటం ప్రచురితమైంది. అద్భుతమైన పని, కానీ మీకు కావలసినవి మెదడు ఒక చివర నుంచి మరో చివరకు పోయే దూరపు సంధానాలు. అవి ఒక మిల్లీమీటరులో దొరకవు. ఈ రంగానికి మారడమంటే పీహెచ్‌డీని దాదాపు మళ్లీ మొదలుపెట్టడమే.

నాలుగవది మీ ఉత్తరంలో లేదు, కానీ నాకు ఎక్కువ ఆచరణీయంగా కనిపిస్తున్నది. మొదటి విడత ఎలుకలలో రేబిస్ ప్రయోగం పూర్తయిందనీ, రెండో విడత మిగిలి ఉందనీ రాశారు. రేబిస్ పటం ఒక్కదాని మీద ఆధారపడి ఎవరూ థీసిస్ ముగించరు. కొన్ని సంధానాలు అందులో పడవు, టీవీఏ అవాంఛిత చోట్ల కొద్దిగా కారడం వల్ల ఇంజెక్షన్ చేసిన చోటి దగ్గర కొన్ని కణాలు అబద్ధంగా మెరుస్తాయి. కాబట్టి పటంలో కనిపించిన ప్రాంతాలలో ఏఏవీ ద్వారా చానెల్‌రోడాప్సిన్ అనే, కాంతి తగిలితే కణాన్ని ఉత్తేజపరిచే ప్రోటీనును పెట్టి, మెదడు ముక్కలో కాంతి వేసి, ఏజీఆర్‌పీ కణంలో విద్యుత్ స్పందన వస్తుందో లేదో కొలవడం ఎలాగూ కావాలి. ఈ పద్ధతికి ఏ ప్రాంతాన్ని పరీక్షించాలో ముందే తెలిసి ఉండాలి. మీ మొదటి విడత పటం దాన్ని ఇప్పటికే చెప్పింది. మిగిలిన కాలం మీరు ఈ నిర్ధారణ పని చేసి, రెండో విడత రేబిస్ ఇంజెక్షన్లను ప్రయోగశాలలోని మరొకరికి అప్పగించి, వారి పేరు పత్రంలో చేర్చవచ్చు. దీనివల్ల నష్టం లేకపోలేదు. ఘనతలో వాటా పంచుకోవాలి, మీ కొలతలు మరొకరి సమయం మీద ఆధారపడతాయి, కణాల విద్యుత్ స్పందనలు కొలవడం నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. కానీ ప్రశ్న మారదు, మీ చేతిలో రేబిస్ సూది ఉండదు.

ఏమీ మార్చకుండా కొనసాగించడం కూడా సరైన దారే. శాస్త్రపరంగా అదే అన్నిటికంటే తక్కువ ఖర్చు. ఇంటి వైపు దాని ఖర్చు, మీ అమ్మగారు కొంతకాలం, బహుశా చాలా కాలం, భయంతో గడపడం. ఒట్టు గురించి మీరు తల్లడిల్లుతున్నారు. బిడ్డ ప్రాణానికి భయపడిన తల్లి వాడిన ఆఖరి అస్త్రం అది, దాన్ని ఎదిరించవద్దు, దానికి లొంగి సంతకమూ పెట్టవద్దు. "ఒట్టు గురించి తరువాత మాట్లాడదాం, ముందు నేను చెప్పేది విను" అని అడగడం అవమానించడం కాదు.

ఆమె ఫోను ఎత్తడం లేదు కనుక ఉత్తరం రాయండి. పదో తరగతి చదివారనీ, రోజూ పేపరు చదువుతారనీ రాశారు కదా, తెలుగులోనే రాయండి, నాన్నగారి చేత చదివించవద్దు. మొదటి పేజీలో వైరస్ రాకూడదు. దాచాను, తప్పు చేశాను, నువ్వు బాధపడతావని దాచాను అని చెప్పండి. మావయ్య విషయం నాకు తెలుసనీ, పదకొండేళ్ల పిల్ల మీద ఆ తప్పు వేయడం న్యాయం కాదని నేను అనుకుంటున్నాననీ, మీకు అది నిజంగా అనిపిస్తేనే, రాయండి. ఆ కాలపు టీకా గొర్రె మెదడు నుంచి తయారయ్యేది, నొప్పితో కూడినది, ఎక్కువ సూదులు కావలసినది, దాని శక్తి ఇప్పటి టీకాలతో పోల్చలేనిది. 2005 నాటికి మన దేశంలో దాన్ని ఆపేశారు. ముందే చెప్పి ఉంటే బతికేవాడా అన్నది ఎవరూ తేల్చలేని ప్రశ్న. అది ఆమెకు ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా అని నా అనుమానం.

రెండో పేజీలో వైరస్ గురించి చెప్పండి. "ఇది అసలు రేబిస్ కాదమ్మా" అని రాయవద్దు. అది రేబిసే. ఒక జన్యువు పోయిన రేబిస్. ఎవరో ఇంటర్నెట్‌లో చూసి ఆమెకు చెప్పిన రోజున మీ రెండో మాట కూడా అబద్ధమవుతుంది, మూడోసారి నమ్మే తల్లి ఉండదు. "అది బలహీనమైనది" అని కూడా అనకండి, ప్రవేశించిన ఎలుక కణాన్ని అది రెండు వారాలు అటూ ఇటూగా చంపగలదని మీకు తెలుసు. దాటలేదు అని చెప్పండి, ఎందుకు దాటలేదో చెప్పండి. మీ ప్రయోగశాలలో వాడే రకం ఎస్ఏడీ బీ19 అయితే దాని వంశవృక్షం కూడా రాయండి. 1935లో అమెరికాలోని అలబామాలో ఒక పిచ్చికుక్క నుంచి తీసిన వైరస్‌కు అది సంతతి. తరతరాలుగా ప్రయోగశాలల్లో పెంచి బలహీనపరిచి, ఎరలలో పెట్టి, 1980ల నుంచి జర్మనీ అడవుల్లో నక్కలకు టీకాగా తినిపించారు. 2008లో జర్మనీ తన నేల మీది జంతువుల్లో రేబిస్ లేదని ప్రకటించుకోగలిగింది. కుక్క నుంచి వచ్చిన ఆ వైరస్సే ఒక దేశంలో ఆ జబ్బును తరిమిందన్న సంగతి, మీ అమ్మగారికి జన్యువుల వివరణ కంటే త్వరగా అర్థమవుతుందని నా అంచనా. మీ ప్రతిరక్షకాల పరీక్ష కాగితం నకలు కూడా కవరులో పెట్టండి. తల్లులు అంకెలను నమ్మకపోవచ్చు కానీ కాగితాన్ని భద్రపరుచుకుంటారు.

చివరి ప్రశ్న, ఇది మావయ్యకు చేసే అపచారమా అన్నది. కాదు. అయితే మీరు దీన్ని మావయ్యకు చేస్తున్న సేవగా కూడా చిత్రించుకోవద్దు. అలా అనుకుంటే మనసుకు హాయిగా ఉంటుంది, అందుకే అంటున్నాను. ఆకలి కణాలకు పటం గీయడం వల్ల రేబిస్ సోకిన ఒక్క పిల్లవాడు కూడా బతకడు. వాళ్లను బతికించేది కుక్కలకు టీకాలు, కాటు పడిన రోజునే చేసిన వైద్యం. మీ పని విలువ వేరే చోట ఉంది, ఆకలి ఎలా పుడుతుందో తెలుసుకోవడంలో. అది మీ అమ్మగారికి ఆ పేరుతోనే చెప్పవచ్చు.

గైడుతో మాత్రం ఆలస్యం చేయకుండా మాట్లాడండి. రెండో విడత ఎలుకల సంకరణకు నెలలు పడుతుంది కనుక, నాలుగో దారి నచ్చితే ఎవరు ఏం చేయవచ్చో ఇప్పుడే మాట్లాడుకోవాలి. ఏ దారి తీసుకున్నా ఆఖరి నిర్ణయం మాత్రం అమ్మకు ఉత్తరం చేరిన తరువాత తీసుకోండి, చేరకముందు కాదు. ఉత్తరంతో పాటే "మానేశాను" అన్న కబురు కూడా వెళితే, మొదటి పేజీ చదవకుండానే ఆమె ఫోను ఎత్తుతారు. మీరు మాట్లాడవలసిన మాట అప్పుడు మళ్లీ మిగిలిపోతుంది.